గుర్స్కీ రైన్ నది ఫోటో, పన్నెండు అడుగుల ప్రింటు, నా మిర్చి యార్డు

మిర్చియార్డ్_కెమెరా (గుంటూరు)

అందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు తీస్తూ తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొన్న ఆండ్రియాస్ గుర్స్కీ అనే జర్మన్ ఫోటోగ్రాఫర్ గురించి చదివాను. ఆయన 1999లో తీసిన "రైన్ 2" అనే ఫోటో 2011 నవంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికిందట, అప్పటి లెక్కలో మన డబ్బు సుమారు 21 కోట్లు. ఫోటోలో ఏముందా అని చూస్తే గడ్డి, బూడిదరంగు నీళ్ళు, మళ్ళీ గడ్డి, పైన మబ్బు పట్టిన ఆకాశం. ఫోన్‌లో చూశాను, ల్యాప్‌టాప్‌లో చూశాను, నాకేమీ అనిపించలేదు, కానీ ప్రింటు సుమారు ఆరడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు అని చదివాక ఆగిపోయాను.

ఎందుకు అడుగుతున్నానంటే, మా ఊరి మిర్చి యార్డును సీజన్‌లో పైనుంచి ఒక్క పెద్ద ఫోటోగా తీయాలని నాకు రెండేళ్ళుగా ఉంది. గోనె బస్తాల వరసలు, ఒక్కో లాట్ దగ్గర బస్తా కోసి చూపించిన ఎర్రకాయ, మధ్యలో తిరిగే వందలమంది. దాన్ని పది అడుగులు వేయాలి. పెద్దగా వేసినంత మాత్రాన ఫోటో గొప్పదవుతుందా, లేక ఆయన ఇంకేదైనా చేస్తున్నాడా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఫ్లెక్స్_సెంటర్ (తెనాలి)

తమ్ముడూ, పెద్ద సైజు గురించి నేను చెప్తా. పద్నాలుగేళ్ళుగా ఫ్లెక్స్ మెషిన్ నడుపుతున్నా. నలభై అడుగుల కటౌట్‌కి జనం ఫోన్‌లో తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపుతారు, దాన్నే వేసిస్తాం, రోడ్డు మీదినుంచి బాగానే ఉంటుంది. దగ్గరికెళ్ళి చూడు, కన్ను ఎక్కడో మూతి ఎక్కడో తెలియదు, అన్నీ చుక్కలే. ఫ్లెక్స్ అనేది దూరం కోసం చేసిన వస్తువు, దగ్గరికి ఎవరూ రారు కాబట్టి అది సరిపోతుంది.

నువ్వు చెప్పిన పన్నెండు అడుగుల ప్రింటు లెక్క వేశాను. 360 సెంటీమీటర్లంటే 142 అంగుళాలు. మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు అడ్డంగా 6000 పిక్సెల్స్. అంగుళానికి 42 చుక్కలు వస్తాయి, మా బ్యానర్ క్వాలిటీ. అంగుళానికి 150 కావాలంటే అడ్డం 21 వేలు, నిలువు 11 వేల పైన పిక్సెల్స్ ఉండాలి, అంటే 240 మెగాపిక్సెల్స్ దగ్గర. 1999లో ఆయన దగ్గర అంత డిజిటల్ కెమెరా ఎక్కడుంది? ఫిల్మ్ మీదే తీసుంటాడు, అది కూడా మనం వాడిన 35 ఎంఎం రీలు అయ్యుండదు.

రైన్_గట్టు (డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర)

ఫ్లెక్స్ సెంటర్ గారూ, మీరన్నది నిజం. ఆయన పెద్ద షీట్ ఫిల్మ్ కెమెరాతో తీసేవారు, నెగటివ్ మన అరచేయంత ఉంటుంది. దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో సరిదిద్ది మళ్ళీ కలర్ ఫోటో పేపర్ మీద ప్రింటు వేయించేవారు, ఆ రోజుల్లో ఇంకు ప్రింటు కూడా కాదు, మనం చిన్నప్పుడు స్టూడియోలో వేయించుకున్న ఫోటోల్లాగా రసాయనాలతో కడిగిన ప్రింటు. ఆ తర్వాత ప్రింటు ముఖాన్ని గాజులాంటి యాక్రిలిక్ ప్లాస్టిక్ షీటుకు అతికిస్తారు, మధ్యలో గాలి ఉండదు కాబట్టి రంగు లోతుగా కనిపిస్తుంది.

నేను జర్మనీలో ఈ డ్యూసెల్‌డార్ఫ్ వైపుకు వచ్చి పదకొండేళ్ళయింది. ఆయన ఈ ఊరి మనిషే అనాలి, పుట్టింది 1955లో లైప్‌జిగ్‌లో అయినా చిన్నతనంలోనే కుటుంబం పశ్చిమ జర్మనీకి వచ్చేసింది, తాతా నాన్నా ఇద్దరూ కమర్షియల్ ఫోటోగ్రాఫర్లే. ఒక ఎగ్జిబిషన్‌లో ఆయన ఫోటోలు చూసిన రోజు నేను మా పాపను తీసుకెళ్ళాను, అప్పుడు దానికి ఆరేళ్ళు. నేను దూరంగా నిలబడి మొత్తం చూస్తుంటే అది నేరుగా గోడ దాకా వెళ్ళి "అమ్మా ఈ కిటికీలో దీపం ఉంది, ఈ కిటికీలో ఎర్ర పరదా ఉంది" అంటూ ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అది "పారిస్, మోంపర్నాస్", 1993లో తీసింది, ఒక పెద్ద అపార్ట్‌మెంటు ముఖం మొత్తం నాలుగు మీటర్ల పైన వెడల్పులో. దూరంనుంచి చూస్తే రంగురంగుల గళ్ళ దుప్పటి పరిచినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే ప్రతి కిటికీ ఒక ఇల్లు. నేను ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచానో నాకే తెలియదు, పాప మాత్రం గోడ వదల్లేదు. ఫోన్‌లో చూస్తే ఆ నడక ఉండదండీ, అందుకే మీకేమీ అనిపించలేదు.

పాత_ప్రెస్‌కార్డు (వరంగల్)

సైజు సంగతి సరే. రైన్ 2 గురించి ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఆ నదికి అవతలి ఒడ్డున ఒక విద్యుత్ కేంద్రం ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌లో తుడిచేశారు. ఇరవై రెండేళ్ళు పేపర్లో పనిచేశాను. ఫోటోలో ఒక కరెంటు తీగ చెరిపేసినందుకు ఉద్యోగం పోయినవాళ్ళని చూశాను, అలా పోవడమే సరైందని ఇప్పటికీ నమ్ముతాను. అక్కడ లేనిది పెట్టినా, ఉన్నది తీసేసినా అది ఫోటో అనిపించుకోదు. దానికి 21 కోట్లు ఇచ్చినవాళ్ళ డబ్బు వాళ్ళిష్టం, కానీ కొత్తగా నేర్చుకునే పిల్లలకు దీన్ని ఆదర్శంగా చూపిస్తే నాకు బాధగా ఉంటుంది.

బొమ్మల_మాస్టారు (హైదరాబాద్)

ప్రెస్‌కార్డు గారి బాధ నాకు అర్థమవుతుంది, దానికి కొంచెం వెనక్కి వెళ్ళి జవాబు చెప్పాలి.

గుర్స్కీ ముందు జర్మనీలోనే ఎస్సెన్ అనే ఊళ్ళో చదివారు, అక్కడ పత్రికా ఫోటోగ్రఫీ పద్ధతి గట్టిగా ఉండేది. తర్వాత 1980లో డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో చేరారు. అక్కడి గురువులు బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్ దంపతులు. నీళ్ళ ట్యాంకులు, ఇనుము కరిగించే కొలుములు, గనుల మీది ఇనుప గోపురాలు, ఇవన్నీ మూతపడి కూలిపోకముందే ఒక్కొక్కటిగా తీశారు. నలుపు తెలుపులో, ఎండ లేని రోజున, ఎదురుగా నిలబడి, ప్రతిసారీ అదే పద్ధతిలో. తర్వాత ఒకే రకం వాటిని వరసల్లో పేర్చి చూపించేవారు. వాళ్ళ శిష్యుల్లో థామస్ స్ట్రూత్, థామస్ రూఫ్, కాండిడా హోఫర్, ఆక్సెల్ హ్యూట్ ఉన్నారు. గురువుల నుంచి ఆ నిదానం, ఆ తటస్థమైన చూపు తీసుకున్నారు కానీ రంగులోకి వచ్చేశారు, సైజు పెంచేశారు. రూఫ్ 1986 నుంచే మామూలు పాస్‌పోర్టు ఫోటోలాంటి ముఖాలను రెండు మీటర్ల ఎత్తు వేయడం మొదలుపెట్టాడు. కెనడాలో జెఫ్ వాల్ అంతకుముందే, 1970ల చివర్లోనే, వెనకనుంచి లైటు వెలిగే పెద్ద పెట్టెల్లో ఫోటోలు చూపించాడు. గోడమీద నూనెరంగుల చిత్రానికి దొరికే చోటు ఫోటోకు ఎందుకు దొరకకూడదన్న పట్టుదల ఆ తరానికంతా ఉంది. ఫోటో అంటే ఆల్బమ్‌లోనో పత్రికలోనో చేత్తో పట్టుకుని చూసేది అన్న అలవాటును వాళ్ళు మార్చారు, ఇది చిన్న విషయం కాదు.

ఇక తుడిచేయడం గురించి. గుర్స్కీ దాన్ని ఎప్పుడూ దాచలేదు. నేటి నదిని కచ్చితంగా చూపాలంటే కల్పించిన కూర్పే అవసరమైంది, ఆ దృశ్యం అక్కడ నిలబడితే దొరకదు అన్న అర్థంలో ఆయనే చెప్పారు. ఆ చోటు ఆయనకు పరుగుకు వెళ్ళే దారి, బాగా తెలుసు. 1996లో ఒకసారి తీసి, 1999లో మళ్ళీ చేశారు. వార్తా ఫోటోకు పాఠకుడితో ఒక ఒప్పందం ఉంటుంది, అది తప్పితే మోసం. ఇక్కడ ఆ ఒప్పందమే లేదు. చిత్రకారుడు గోదావరిని గీస్తూ వంతెన వదిలేస్తే మనం కేసు పెట్టం కదా.

పాత_ప్రెస్‌కార్డు (వరంగల్)

మాస్టారూ, చిత్రకారుడు గీస్తే అది గీసిందని చూడగానే తెలుస్తుంది. ఫోటో చూస్తే ఎవరైనా "ఇది ఉంది" అనే అనుకుంటారు. ఆ నమ్మకాన్ని వాడుకుంటూ ఒప్పందం లేదంటే ఎలా? ఆయన నిజాయితీగా చెప్పారని ఒప్పుకుంటాను. కానీ గోడమీద ఫోటో పక్కన ఆ మాట రాసి ఉంటుందా? నా అభ్యంతరం అక్కడే.

మిర్చియార్డ్_కెమెరా (గుంటూరు)

మాస్టారూ, చాలా సంగతులు తెలిశాయి. రైన్_గట్టు మేడమ్, మీ పాప కిటికీలు లెక్కపెట్టిన మాట చదివాక నా మిర్చి ఫోటో మీద ఆశ ఇంకా పెరిగింది.

ఒక సందేహం. మోంపర్నాస్ అపార్ట్‌మెంటు అంత పొడవుంది కదా, ఒకచోట నిలబడి తీస్తే రెండు చివర్లూ దూరమై సన్నబడాలి. నేను చూసిన బొమ్మలో చివరి కిటికీలు కూడా మధ్య కిటికీలంతే ఉన్నాయి. ఎలా?

రైన్_గట్టు (డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర)

రెండు చోట్ల నిలబడి తీసి కలిపారు. అందుకే ఆ భవనాన్ని మనం వీధిలో నిలబడి అలా చూడలేం, ఒకేసారి రెండు చోట్ల ఉండాలి. ప్రెస్‌కార్డు గారూ, మీరు ఒప్పుకోకపోవచ్చు, కానీ ఈ కలపడంలో అబద్ధం నాకు కనిపించలేదు. చివరింట్లో ఉన్నవాళ్ళకీ మధ్యింట్లో ఉన్నవాళ్ళకీ ఫోటోలో ఒకే చోటు దొరికింది.

పల్నాడు_పిక్సెల్ (హైదరాబాద్)

చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. నేను గుర్స్కీ ఫోటోలు ఆన్‌లైన్‌లోనే చూశాను. "99 సెంట్" చూశాను, లాస్ ఏంజెలెస్‌లో చవక సరుకుల దుకాణం, అరల నిండా రంగురంగుల ప్యాకెట్లు, వాటి మధ్య మనుషుల తలలు మాత్రమే. "అమెజాన్" చూశాను, 2016లోది, అమెరికాలో ఫీనిక్స్ దగ్గరి గోడౌన్, ఎంత వెతికినా సరుకే. టోక్యో స్టాక్ ఎక్స్‌ఛేంజీ, షికాగోలో సరుకుల వాయిదా వ్యాపారం జరిగే ఎక్స్‌ఛేంజీ, ఉత్తర కొరియాలో వేలమంది పిల్లలు రంగు అట్టలు పట్టుకుని చేసే ప్రదర్శన. అన్నీ అందంగా ఉన్నాయి. కానీ మనుషులున్న ఫోటోల్లో వాళ్ళు చీమల్లా ఉన్నారు.

మా నాన్న పన్నెండేళ్ళు గుంటూరు యార్డులో ముఠా పని, అంటే హమాలీ పని చేశారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది. సీజన్‌లో ఇంటికి వస్తే చొక్కా విప్పకముందే మాకందరికీ తుమ్ములు వచ్చేవి. యార్డు కెమెరా అన్నా, మీరు పైనుంచి తీస్తే మా నాన్నలాంటివాళ్ళు ఎర్రకాయ మధ్య నల్లచుక్కలు అవుతారు. చూసినవాళ్ళు "అబ్బ ఎంత రంగు" అని వెళ్ళిపోతారు. అది తలుచుకుంటే నాకు ఇష్టంగా లేదు. తప్పుగా అనుకోవద్దు.

బొమ్మల_మాస్టారు (హైదరాబాద్)

బాబూ, చాలా మంచి మాట అడిగావు. గుర్స్కీ మీద విమర్శకులు కూడా ఇదే అడిగారు, ఆయన దూరం ఎక్కువైపోయిందా, సరుకునూ డబ్బునూ చూసి మురిసిపోతున్నారా అని. నాకు కూడా 2000 తర్వాతి ఫోటోలు కొన్ని చల్లగా అనిపిస్తాయి. "ఓషన్" వరసలో సముద్రాలు ఉపగ్రహ చిత్రాలనుంచి తయారుచేసినవి. దుబాయ్ నుంచి మెల్‌బోర్న్ విమానంలో వెళ్తూ సీటు ముందు తెరమీద మ్యాప్ చూస్తుంటే ఆ ఆలోచన వచ్చిందట. పేరు పెద్దదే కానీ వాటి ముందు నేనెక్కువసేపు నిలబడలేను.

అయితే మొదట్లో జరిగింది ఒకటి చెప్తాను. 1984లో స్విట్జర్లాండ్‌లో క్లౌసెన్ కనుమ దగ్గర ఒక కొండను తీశారు, తోడువచ్చిన ఒకరు అడిగితే తీసింది. కొన్నాళ్ళకు దాన్ని పెద్దది చేసి చూస్తే కొండవాలు మీద అక్కడక్కడా నడిచేవాళ్ళు కనిపించారు. తీసేటప్పుడు ఆయన వాళ్ళను గమనించలేదు. కెమెరా పట్టుకుంది, పెద్దది చేస్తేనే బయటపడింది. ఆయన దారి అక్కడే మొదలైందని నేను నమ్ముతాను. మనుషులు చిన్నగా ఉండడం వేరు, కనిపించకుండా పోవడం వేరు. ప్రింటులో టోక్యో ఎక్స్‌ఛేంజీ దగ్గరికి వెళ్తే తెల్లచొక్కాల గుంపులో ఒకడు చేయెత్తుతున్నాడు, ఒకడు ఫోన్ పట్టుకున్నాడు, ఒకడు అలిసిపోయి ఎటో చూస్తున్నాడు. నువ్వు చూసింది ఫోన్‌లో కాబట్టి వాళ్ళు చీమలయ్యారు.

రైన్_గట్టు (డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర)

"న్యా చాంగ్" కూడా చూడు తమ్ముడూ, 2004లో వియత్నాంలో తీసింది. నారింజరంగు బట్టల్లో వందలమంది నేలమీద కూర్చుని బుట్టలు, కుర్చీలు అల్లుతుంటారు. మీ నాన్నగారి గురించి చదివాక నాకు అదే గుర్తొచ్చింది. నేను పుస్తకంలోనే చూశాను, అయినా ఒక అమ్మాయి తలెత్తి చూస్తున్నట్టు అనిపించి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను.

ఫ్లెక్స్_సెంటర్ (తెనాలి)

అయితే పల్నాడు తమ్ముడు అడిగింది లెక్కలోకి తెద్దాం. ముఖం తెలియాలంటే ముఖానికి ఎన్ని పిక్సెల్స్ కావాలి? పాస్‌పోర్టు ఫోటో చిన్నది చేసి చూశాను. 20 పిక్సెల్స్ అయితే మనిషి అని తెలుస్తుంది. 50 దగ్గర ముక్కూ నోరూ వస్తాయి. 100 ఉంటే ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారు.

యార్డూ, ఏ లెన్స్ వాడతావు? ఎంత దూరంనుంచి?

మిర్చియార్డ్_కెమెరా (గుంటూరు)

నిన్న ఆదివారం తీయలేదు, ఇవాళ పొద్దున వెళ్ళొచ్చాను. తెలిసిన కమీషన్ దుకాణం ఆయన డాబా ఎక్కనిచ్చారు. 85 ఎంఎం లెన్స్, ట్రైపాడ్ మీద, అడ్డం ఏడు, నిలువు నాలుగు, మొత్తం 28 ఫ్రేములు. కలిపితే అడ్డం 28 వేల పిక్సెల్స్, నిలువు 11 వేలు వచ్చాయి. పది అడుగులకు వేసినా అంగుళానికి 230 పైనే ఉంటుంది. పొద్దున్నే అయితే పర్లేదు కానీ పదిన్నర దాటాక రేకుల మీదినుంచి వేడి గాలి లేచి దూరపు షెడ్లన్నీ వణికినట్టు వచ్చాయి, ఆ ఫ్రేములు పనికిరావు.

పల్నాడు తమ్ముడూ, నువ్వు రాసింది చదివాకే వెళ్ళాను కాబట్టి ముందు మనుషులనే చూశాను. దగ్గరి షెడ్డు నాకు 60 మీటర్లు, అక్కడ ముఖం 47 పిక్సెల్స్. ప్రింటులో కందిగింజంత. దూరపు షెడ్డు 150 మీటర్లు, ముఖం 19 పిక్సెల్స్, ఆవగింజంత. ఆవగింజలో ఎవరూ కనిపించరు. నువ్వన్నది నిజమే, వాళ్ళు చుక్కలే అయ్యారు.

ఇంకొకటి జరిగింది. 28 ఫ్రేములు తీయడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఈలోగా ఒక ముఠా ఆయన టిక్కీ ఎత్తుకుని ఎడమనుంచి కుడికి నడిచాడు, నీలం తలపాగా. కలిపి చూస్తే మూడు చోట్ల ఉన్నాడు. తుడిచేయాలా ఉంచాలా? ప్రెస్‌కార్డు గారు ఏమంటారు?

పాత_ప్రెస్‌కార్డు (వరంగల్)

నన్ను అడిగినందుకు సంతోషం. ఇది నేను అనుకున్నదానికంటే కష్టమైన ప్రశ్న, రాత్రంతా ఆలోచించాను. ఇద్దరిని తుడిచేస్తే నువ్వు ఒక మనిషిని కాదు, ఆయన మోసిన దూరాన్ని తుడిచేసినట్టు. ఉంచితే ఒకే క్షణం అని చూసేవాళ్ళు పొరబడతారు. నా సలహా, ముగ్గురినీ ఉంచు. ప్రింటు పక్కన "ఆరు నిమిషాలు, 28 ఫ్రేములు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. గుర్స్కీ విషయంలో నేను అడిగింది కూడా అంతే.

బొమ్మల_మాస్టారు (హైదరాబాద్)

ప్రెస్‌కార్డు గారికి నమస్కారం. 1999లో చేసిన "షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 2"లో గుర్స్కీ కొన్ని భాగాలను రెండుసార్లు ఎక్స్‌పోజ్ చేశారు, అంటే ఒకదానిమీద ఒకటి పడేలా తీశారు, జనం కదలిక తెలియడానికి. మీ నీలం తలపాగా ఆయనది కూడా అలాంటి కదలికే, పైగా అది అనుకోకుండా వచ్చింది. ఉంచండి.

ఫ్లెక్స్_సెంటర్ (తెనాలి)

135 లెన్స్ అద్దెకు తీసుకో. ముఖం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, ఫ్రేములు డెబ్బై దాకా అవుతాయి. దూరపు షెడ్డు వరకు మాత్రం 200తో తియ్యి. ప్రింటుకు నా దగ్గరికి రావద్దు, ఫ్లెక్స్ మీద ఇది వేస్తే పాపం. హైదరాబాద్‌లో ఫోటో పేపర్ రోల్ మీద వేసే ల్యాబ్‌లో వేయించు. ముందు ఒక అడుగు ముక్క మాత్రమే టెస్ట్ ప్రింటు తీయించు, ఆ మనుషులున్న ముక్క. యాక్రిలిక్ అతికించడం ఇప్పుడే వద్దు, బుడగ పడితే ప్రింటు మొత్తం పాడవుతుంది, పైన గీత పడితే ఆ గీత పోవడం కష్టం. ఎండ తగిలే గోడకు అసలు పెట్టకు, ఆ పేపర్ రంగులు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. పెద్ద పెద్ద మ్యూజియంలకు కూడా ఆ రోజుల కలర్ ప్రింట్లతో ఈ దిగులు ఉంది.

పల్నాడు_పిక్సెల్ (హైదరాబాద్)

అన్నా, ముఖాలు కొలిచి చూశారని చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. థాంక్స్ అన్నా.

రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఈ థ్రెడ్ చదివి వినిపించాను. నీలం తలపాగా ఆయన మూడు చోట్ల వచ్చాడంటే "ఆరు నిమిషాల్లో మూడు చోట్లంటే వాడు మంచి పనోడు" అన్నారు. పైనుంచి తీస్తే ఏ షెడ్డు కనిపిస్తుందో అడిగారు. టెస్ట్ ప్రింటు వచ్చాక చెప్పండి, ఆదివారం నాన్నను తీసుకుని గుంటూరు వస్తాను. ఆయన పాతవాళ్ళను ఎంతమందిని గుర్తుపడతారో చూద్దాం.

మిర్చియార్డ్_కెమెరా (గుంటూరు)

తప్పకుండా రా తమ్ముడూ. లెన్స్ దొరికింది, గురువారం పొద్దున ఆరున్నరకు ఎక్కుతున్నాను. నాన్నగారిని అడిగి ఆయన ఏ షెడ్డు దగ్గర పనిచేసేవారో రాయి, 200 లెన్స్ ముందు అటే తిప్పుతాను.